సర్ది పొట్లంలోని గోలీల కథ

చించోటి నుంచి కామన్ మీదుగా వచ్చే రోడ్డు, ఠాణే నుంచి కశేళి, కాల్హేర్ దాటి వచ్చే రోడ్డు కలిసే కూడలి అంజూర్ ఫాటా. భివండీ రోడ్ రైల్వే స్టేషను ఆ పక్కనే. గోదాముల లారీలు, బట్ట తానులు మోసే టెంపోలు అక్కడ పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. అక్కడి నుంచి ఊళ్లోకి పోతే పద్మానగర్, కామత్‌ఘర్. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పనికి వచ్చి తరాలుగా అక్కడే స్థిరపడిన పద్మశాలీల వాడలవి. నేసిన మీటర్లను బట్టి కూలి. పన్నెండు గంటల పాళి. మనిషి పడుకుంటే సాంచ ఆగుతుంది, సాంచ ఆగితే కూలి ఆగుతుంది.

అలాంటి చోట జలుబు చేసిందంటే జరిగే నష్టం ముక్కుకూ గొంతుకూ కాదు, ఆ వారం బట్వాడాకు. అందుకే మందుల దుకాణం ముందు మాట ఇలా నడుస్తుంది.

“అన్నా, సర్ది పట్టింది. ఒళ్లంత నొప్పులు. రేపు రాత్రిపాళి ఉన్నది, జర గట్టి గోలీలు ఇయ్యి.”

“రెండు పూటలకు ఇస్త తమ్మీ. తిన్నంక ఏసుకో.”

కత్తెర తీసుకుని స్ట్రిప్పుల్లోంచి ముక్కలు కత్తిరిస్తారు. ఒక పెద్ద తెల్ల గోలీ, ఒక చిన్న గోలీ, ఒక రంగు క్యాప్సూల్. కాగితం పొట్లం. మందు పేరు అచ్చయిన ముక్క చాలాసార్లు దుకాణంలోనే మిగిలిపోతుంది. ఈ పొట్లం భివండీలోనే కాదు, సిరిసిల్లలో, సూరత్‌లో, షోలాపూర్‌లో, మన పల్లెల్లో ఆరెంపీ డాక్టరు దగ్గర కూడా దొరికేదే. అందులోని ఒక్కో గోలీ వెనక ఒక్కో ఆవిష్కరణ ఉంది. రెండు గోలీలు అడిగిన పని ఎంతో కొంత చేస్తాయి. మూడోది, అన్నిటికన్నా ఖరీదైనది, అసలు ఆ పొట్లంలో ఉండాల్సింది కాదు. అది అందులోకి ఎలా వచ్చి చేరిందో చెప్పడానికే ఈ కథ.

ముందు తెల్ల గోలీ. 1886లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్ నగరంలో ఆర్నాల్డ్ కాన్, పౌల్ హెప్ అనే ఇద్దరు యువ వైద్యులు కడుపులో పురుగులకు నాఫ్తలీన్ ఇచ్చి చూస్తున్నారు. మనం బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండలది అదే పదార్థం. ఒక రోగికి ఆ పొడి ఇస్తే పురుగులు పోలేదు గానీ జ్వరం చటుక్కున దిగింది. సీసా తెరిచి చూస్తే నాఫ్తలీన్ ఘాటు వాసన లేదు. మందుల కొట్టువాళ్లు పొరపాటున వేరే పొడి ఇచ్చారు. అది రంగుల పరిశ్రమలో వాడే అసిటానిలైడ్ అని తేలింది. ‘యాంటీఫెబ్రిన్’ అన్న పేరుతో వెంటనే అమ్మకానికి వచ్చింది. జ్వరం తగ్గేది, కానీ కొందరికి పెదాలు, గోళ్లు నీలం తిరిగేవి. రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గడం వల్ల అలా అయ్యేది. ఆ చిక్కు విప్పడానికి అరవై ఏళ్లు పట్టింది. 1948లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ, జూలియస్ ఆక్సెల్‌రాడ్ ఒంట్లోకి వెళ్లిన అసిటానిలైడ్ ఏమవుతోందో వెతికారు. అందులో ఎక్కువ భాగం మరో పదార్థంగా మారుతోంది, జ్వరాన్నీ నొప్పినీ తగ్గించేది ఆ మారిన పదార్థమే. విషమెక్కించేది వేరే ముక్క. అయితే మంచి ముక్కను నేరుగా ఇస్తే సరిపోతుంది కదా! ఆ మంచి ముక్క పారాసిటమాల్.

జలుబు, ఫ్లూలలో నిజంగా ఆదుకునే గోలీ ఇదే. వైరస్‌ను చంపదు. ఒళ్లు కాలడం, నొప్పులు తగ్గించి ఒంటికి పోరాడే వ్యవధి ఇస్తుంది. పెద్దవాళ్లకు పూటకు 500 లేక 650 మిల్లీగ్రాములు, పూటకూ పూటకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజు మొత్తం మీద 4 గ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. కాలేయం చెడినవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు ఈ హద్దు ఇంకా తక్కువ. ప్రమాదమంతా తెలియకుండా రెండుసార్లు వేసుకోవడంలో ఉంది. ‘జలుబు గోలీ’ పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. దాని మీద విడిగా ఇంకోటి వేసుకుంటే కాలేయం మీద పడుతుంది.

చిన్న గోలీ గురించి ఎక్కువ చెప్పేది లేదు. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియల్ బోవే 1937లో కనిపెట్టిన యాంటీహిస్టమిన్ల వంశం దానిది. ఆయనకు 1957లో నోబెల్ వచ్చింది. 1950 ప్రాంతంలో అమెరికాలో ఈ గోలీలు జలుబును మొదట్లోనే ఆపేస్తాయని జోరుగా అమ్మారు. పరీక్షలకు ఆ మాట నిలవలేదు. కారే ముక్కును, తుమ్ములను కాస్త ఆపుతాయి, అంతే. పాత రకాలైతే నిద్ర ముంచుకొస్తుంది. రాత్రిపాళిలో నాలుగైదు సాంచాలు ఒక్కడే చూసుకునే మనిషికి, నాడె విసురుగా అటూఇటూ ఎగిరే మగ్గం పక్కన, అది చిన్న విషయం కాదు. నాలుగేళ్లలోపు పిల్లలకు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందు ఇవ్వకూడదని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ కలిసి పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్‌లు రాయవద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య సేవల విభాగం అప్పుడు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఇక క్యాప్సూల్, అంటే యాంటీబయాటిక్. దీని కథ ఫ్లూ కథలోనే మొదలైంది.

1892లో జర్మనీలో రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగుల కళ్లెలో ఒక సన్నని బాక్టీరియాను చూసి ఫ్లూకు కారణం ఇదేనన్నాడు. దానికి ‘ఇన్‌ఫ్లుయెంజా బాసిల్లస్’ అని పేరు కూడా స్థిరపడింది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో మొదలైన విషజ్వరం రైలు పట్టాల వెంట దేశమంతా పాకి కోటికి పైగా ప్రాణాలు తీసినప్పుడూ, ప్రపంచమంతటా వైద్యులు ఆ ఫైఫర్ బాక్టీరియా కోసమే వెతికారు. కొందరి గొంతుల్లో దొరికింది, కొందరి గొంతుల్లో దొరకలేదు.

ఆ వెతుకులాట చల్లారకముందే లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పళ్లెంలో బూజు పడింది. 1928 నాటి ఆ కథ అందరూ బళ్లో చదువుకున్నదే. అందరికీ తెలియని సంగతి ఒకటుంది. 1929లో పెన్సిలిన్ గురించి ఫ్లెమింగ్ అచ్చువేసిన మొదటి వ్యాసం శీర్షికలోనే ఇన్‌ఫ్లుయెంజా బాసిల్లస్ పేరుంది. ఎందుకంటే పెన్సిలిన్ దాన్ని చంపలేదు. గొంతు నుంచి తీసిన నమూనాలో పెన్సిలిన్ కలిపితే పక్కనున్న మిగతా క్రిములు చచ్చి, ఈ ఒక్కటీ పెరిగేది. దాన్ని విడిగా పట్టుకోవడానికి పెన్సిలిన్ వీలైన సాధనమని ఆయన రాశాడు. ప్రపంచపు తొలి గొప్ప యాంటీబయాటిక్ లోకానికి పరిచయమైందే ఫ్లూ క్రిమి అనుకున్నదాన్ని ఏమీ చేయలేని మందుగా!

అసలు ఫ్లూ క్రిమి అది కానే కాదు. జలుబు రోగి ముక్కు నీటిని బాక్టీరియా దూరలేని సన్నని వడపోతలో వడకట్టి, ఆ నీటిని ఆరోగ్యవంతుల ముక్కులో వేసినా జలుబు వస్తోందని 1914లోనే వాల్టర్ క్రూసె చూపించాడు. 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లైడ్లా ఫ్లూ రోగుల గొంతు కడిగిన నీటిని అలాగే వడకట్టి, ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువుల ముక్కుల్లో వేశారు. అవి తుమ్మడం మొదలుపెట్టాయి. తరవాత ఒక ఫెర్రెట్ తుమ్ము మీద పడి ఆ బృందంలో ఒకరికి ఫ్లూ వచ్చింది, ఆయన గొంతులోంచి అదే వైరస్ మళ్లీ దొరికింది. 1950ల నడుమ జలుబు తెచ్చే రైనోవైరస్‌ను పట్టుకున్నారు. ఇప్పటికి దాని రకాలు 160కి పైగా తెలుసు. యాంటీబయాటిక్ దెబ్బ తీసేది ఎక్కువగా బాక్టీరియా గోడను, లేదా అది సొంతంగా ప్రొటీన్ తయారుచేసుకునే యంత్రాంగాన్ని. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ యంత్రాంగమూ లేదు. మన కణంలో దూరి మన యంత్రాంగాన్నే వాడుకుంటుంది. కొట్టడానికి యాంటీబయాటిక్‌కు అక్కడ ఏమీ ఉండదు.

ఫ్లూ తెచ్చేది వైరస్ అని 1933 నాటికే తెలిస్తే, క్యాప్సూల్ సర్ది పొట్లంలోకి ఎలా వచ్చింది? ఇక్కడే మన తెలుగువాడు కథలోకి వస్తాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది, ఆయననూ చావుదాకా తీసుకెళ్లింది. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్లినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. నేత పని మీద బతికే వాడల్లో ఈ సంగతి పిల్లలకు చెప్పుకోదగ్గది. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరి అక్కడ పరిశోధనలకు నాయకుడయ్యాడు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం, పిల్లల రక్త క్యాన్సరుకు తొలి మందుల్లో ఒకటి ఆయన బృందం నుంచి వచ్చినవే.

అప్పటికి పెన్సిలిన్ కొన్ని బాక్టీరియాలనే చంపేది, స్ట్రెప్టోమైసిన్ మరికొన్నిటిని. రెండు వర్గాలనూ చంపే మందు కావాలని సుబ్బారావు పట్టుబట్టాడు. విశ్వవిద్యాలయం నుంచి రిటైరై, డెబ్బై దాటిన వయసులో ఉన్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను తెచ్చుకుని మట్టి వేటలో పెట్టాడు. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవులను పెంచి చూశారు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ క్షేత్రంలో గడ్డి పెరిగే మడి నుంచి వచ్చిన మట్టిలో, బంగారు పసుపు రంగు పదార్థాన్ని ఊరించే ఒక సూక్ష్మజీవి దొరికింది. ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్లలో అది మొదటిది. ఇప్పటి డాక్సీసైక్లిన్‌కు అదే ముత్తాత. 1948 జులైలో న్యూయార్క్ శాస్త్ర సదస్సులో దాన్ని లోకానికి వెల్లడించారు. ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు.

ఆరియోమైసిన్ లక్షల ప్రాణాలు నిలిపిన వర్గానికి తొలి బిడ్డ. ఆ గొప్పలోంచే చిక్కు పుట్టింది. రెండు వర్గాలనూ చంపుతుంది కాబట్టి ఏ క్రిమో తేల్చకుండానే ఇవ్వవచ్చు, పరీక్ష కోసం ఆగక్కర్లేదు. మన పొట్లం అలవాటుకు విత్తనం అక్కడే పడిందని నా నమ్మకం. దానికి తోడు ఇంకొకటి జరిగింది. చిలకల నుంచి సోకే సిట్టకోసిస్ లాంటి కొన్ని జబ్బుల క్రిములను ఆ రోజుల్లో వైరస్‌లలో లెక్కకట్టేవారు. ఆరియోమైసిన్ వాటిని అణిచింది. ‘వైరస్ న్యుమోనియా’ అని పిలిచే మొండి దగ్గు జబ్బు ఒకటుండేది. పెన్సిలిన్‌కు లొంగేది కాదు, వడపోతలోంచి దూరే క్రిమి వల్ల వస్తుందని 1944లో మన్రో ఈటన్ చూపించాడు కాబట్టి వైరసే అనుకున్నారు. అది కూడా ఆరియోమైసిన్‌కు లొంగింది. ఇంకేం, ఈ మందు వైరస్‌ల మీద కూడా పనిచేస్తుందన్న మాట వైద్యుల్లో, పత్రికల్లో నిలబడిపోయింది.

1962లో రాబర్ట్ చానాక్, లెనార్డ్ హేఫ్లిక్, మైఖేల్ బరైల్ ఈటన్ క్రిమిని జీవకణాలేవీ లేని అగర్ పళ్లెంలో పెంచారు. వైరస్ అలా పెరగదు. అది గోడ లేని బాక్టీరియా అని, దాని పేరు మైకోప్లాస్మా అని తేలింది. గోడ లేదు కాబట్టే వడపోతలోంచి జారింది, పెన్సిలిన్‌కు దొరకలేదు. సిట్టకోసిస్ క్రిమి కూడా బాక్టీరియాయే. ఆరియోమైసిన్ ఎప్పుడూ వైరస్‌ను చంపలేదు. కానీ మాట ఒకసారి జనంలోకి పోయాక, ప్రయోగశాలలో దిద్దుకున్నంత సులువుగా వీధిలో దిద్దుకోలేదు. 1954లో పుణె దగ్గర పింప్రిలో ప్రభుత్వం హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ స్థాపించింది, తరవాత హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు వెలిశాయి, క్యాప్సూల్ చవకైంది. చవకైనకొద్దీ పొట్లంలో దాని చోటు పదిలమైంది.

నమ్మకం నిలవడానికి జలుబు నడక కూడా సాయం చేస్తోంది. జలుబు రెండో, మూడో రోజు బాగా ముదురుతుంది. దుకాణానికి పోయేది ఆ రోజే. ఐదో రోజు నుంచి దానంతటదే తగ్గుముఖం పడుతుంది, పేరు క్యాప్సూల్‌కు వస్తుంది. ముక్కు చీమిడి పచ్చబడితే ‘ఇన్‌ఫెక్షన్ ముదిరింది’ అంటారు. ఆ పచ్చదనం క్రిములతో పోరాడుతున్న తెల్ల రక్తకణాల్లోని ఎంజైముది. మామూలు వైరస్ జలుబులో కూడా వస్తుంది.

మరి క్యాప్సూల్ ఎప్పుడు ప్రాణం నిలుపుతుంది? దీనికి నేను చూసిన జవాబుల్లో అన్నిటికన్నా అందమైనది మహారాష్ట్రలోనే, తెలంగాణను ఆనుకున్న గడ్చిరోలి జిల్లాలో పుట్టింది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ ముందున్న ప్రశ్న ఇది: ఎక్స్‌రే లేని ఊళ్లో, చదువురాని మంత్రసాని, దగ్గే పిల్లాడికి జలుబో న్యుమోనియానో ఎలా చెప్పగలదు? పాపువా న్యూగినీలో ఫ్రాంక్ షాన్ అప్పటికే ఒక సంగతి గమనించాడు. న్యుమోనియా వచ్చిన పిల్లలు నిమిషానికి యాభై సార్లకు మించి ఊపిరి తీస్తారు. కానీ యాభై దాకా లెక్కపెట్టడం రానివాళ్లు? బంగ్ దంపతులు పూసల చట్రం ఒకటి చేయించారు. దానికి నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం అమర్చారు. ఇసుక తిప్పి, పిల్లాడి పొట్ట కదలికను చూస్తూ, పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస జరపాల్సి వచ్చిందా, అది న్యుమోనియా, వెంటనే యాంటీబయాటిక్. ఎర్రపూస దాకా రాలేదా, జలుబే, తల్లిపాలు, వెచ్చదనం, జాగ్రత్త. శిక్షణ పొందిన ఊరివాళ్లే ఇంటింటా మందు ఇచ్చిన ఆ గడ్చిరోలి ప్రయోగంలో న్యుమోనియాతో పిల్లల చావులు బాగా తగ్గాయని 1990లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఒకే మందు జలుబుకు వ్యర్థం, న్యుమోనియాకు సంజీవని. ఆ తేడా తేల్చడానికి అక్షరం ముక్క రానవసరం లేదని ఆ పూసలు చూపించాయి.

పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఈ లెక్క తెలిసి ఉండాలి. బిడ్డ నిద్రలోనో నెమ్మదిగానో ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డ 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి ఎగరేస్తున్నా ఆస్పత్రికి పరుగెత్తాలి. పెద్దల్లో ఆయాసం, ఛాతీలో పోటు, కళ్లెలో రక్తం, తగ్గిన జ్వరం నాలుగైదు రోజులకు మళ్లీ ఎక్కడం, ఇవి బాక్టీరియా న్యుమోనియా గుర్తులు కావచ్చు. 1918లో చాలామందిని చివరికి చంపింది ఫ్లూ తెరిచిన దారిలో చొరబడిన ఈ న్యుమోనియాయే. దగ్గు, ముక్కు కారడం లేకుండా హఠాత్తుగా జ్వరంతో గొంతు మండి, టాన్సిళ్ల మీద తెల్ల మచ్చలు, మెడ గడ్డల నొప్పి ఉంటే స్ట్రెప్ గొంతు కావచ్చు. పిల్లల్లో దాన్ని వదిలేస్తే గుండె కవాటాలు చెడే ప్రమాదం ఉంది, పెన్సిలిన్ వర్గం మందు అక్కడ తప్పనిసరి. సైనస్ నొప్పి పది రోజులు దాటినా తగ్గకపోతే డాక్టరు ఆలోచిస్తారు.

ఫ్లూకు మాత్రం వేరే మందుంది. 2009 మే 16న దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో నిర్ధారణ అయింది. వాడిన మందు ఒసెల్టమివిర్. దాని తయారీకి మూలపదార్థం మన బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి తీసేవారు. హైదరాబాద్‌కు చెందిన హెటెరో కంపెనీ 2005 చివర్లోనే దాన్ని తయారు చేసే అనుమతి పొందింది. గర్భిణులు, ముసలివాళ్లు, ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఫ్లూ అనుమానం రాగానే, వీలైతే 48 గంటల లోపు, డాక్టరు దగ్గరికి వెళ్తే దాని మేలు ఎక్కువ. అనాసపువ్వు కషాయం ఆ పని చేయదు. ఏటా వేసుకునే ఫ్లూ టీకా కూడా ఈ వర్గాలవారికే ముందు కావాలి.

మామూలు జలుబుకు మిరియాల చారు, గోరువెచ్చని నీళ్లు, ఉప్పునీటి పుక్కిలింత, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, నిద్ర. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు చెంచాడు తేనె ఇవ్వవచ్చు, ఏడాదిలోపు వాళ్లకు వద్దు. ఏడు నుంచి పది రోజులు పడుతుంది. దగ్గు ఇంకాస్త సాగవచ్చు.

అనవసరంగా మింగిన క్యాప్సూల్ ఊరికే పోదు. ఒంట్లోని మామూలు బాక్టీరియాలో లొంగేవి చచ్చి, మొండివి మిగులుతాయి. రెండు పూటల మందు ఇంకా అన్యాయం. ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఈ ముప్పు చెప్పాడు: గొంతు నొప్పికి సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వేసుకున్న ఒక ఊహా గృహస్థు, మొండి క్రిమిని పెంచి భార్యకు అంటించి ఆమె చావుకు కారణమవుతాడు. ఇప్పుడది ఊహ కాదు. 2007లో పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. 2012 మొదట్లో ముంబై హిందూజా ఆస్పత్రి వైద్యులు, వాళ్లు పరీక్షించిన మందులన్నిటికీ లొంగని టీబీ రోగులను చూశామని చెప్పారు.

సాంచాల మధ్య దూదిపొట్టు పీలుస్తూ బతికే మన అన్నదమ్ములకు ఈ చివరి సంగతి మరీ ముఖ్యం. ‘పొట్టు దగ్గే’ అని నెలల తరబడి సరిపెట్టుకుంటారు. పొట్లంలో లివోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ పడితే టీబీ దగ్గు కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది, పరీక్షలోనూ దొరక్కుండా పోవచ్చు. ఈలోగా పక్క సాంచ మీది మనిషికి, ఇంట్లో పిల్లలకు అంటుతుంది.

దుకాణం నడిపే అన్నలకు నా విన్నపం: స్ట్రిప్పు పేరు కనబడేలా ఇవ్వండి, సర్దికి తెల్ల గోలీ చాలని చెప్పండి, మీ మాట వాళ్లు వింటారు. కొనే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: స్ట్రిప్పు మీద నిలువు ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు, పొట్లంలోంచి తీసేయమనండి. డాక్టరు చూసి రాసిన యాంటీబయాటిక్ అయితే రాసినన్ని రోజులూ వాడండి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష, టీబీ అని తేలితే మొత్తం మందులు, భివండీలోనైనా సిరిసిల్లలోనైనా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.